ఆర్మీ, సీఆర్పీఎఫ్ ఉద్యోగాలకు ప్రిపేర్ అవుతున్నారా? పచ్చబొట్టు సంగతి ముందే తేల్చుకోండి

రన్నింగ్ పాసై, రాతపరీక్ష పాసై, తీరా మెడికల్‌లో చొక్కా విప్పాక భుజం మీద టాటూ చూసి వెనక్కి పంపేస్తే ఆ కుర్రాడికి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఇందులో అన్యాయం ఏమీ లేదు, ఎందుకంటే రూల్ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. కాకపోతే అది నలభై యాభై పేజీల పీడీఎఫ్‌లో ఎక్కడో నాలుగు లైన్లలో ఉంటుంది, మనవాళ్లు ఎత్తు, ఛాతీ, వయసు వరకు చూసి మిగతాది వదిలేస్తారు. అందుకే ఆ నాలుగు లైన్ల గురించి కాస్త వివరంగా చెప్తున్నా.

మొదట బుర్రలోకి ఎక్కించుకోవాల్సింది ఒకటే. మన దేశంలో ఫౌజీ ఉద్యోగాలకు సంబంధించి టాటూలో ఏం ఉంది అన్నదానికంటే అది ఒంటి మీద ఎక్కడ ఉంది అన్నదే ముందు చూస్తారు. దేవుడి బొమ్మ కదా, అమ్మ పేరు కదా, జాతీయ జెండా కదా, ఎవరు కాదంటారులే అనుకుంటే కుదరదు. ఛాతీ మీద వేయించుకున్న జాతీయ జెండా కూడా ఛాతీ మీద ఉన్న టాటూనే.

ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్‌లో ఎక్కడ ఉండొచ్చు

ఈ మూడింటి నోటిఫికేషన్లలోనూ దాదాపు ఒకే మాట ఉంటుంది. పర్మనెంట్ టాటూ రెండు చోట్ల మాత్రమే ఉండొచ్చు. ఒకటి ముంజేయి లోపలి వైపు, అంటే మోచేతి మడత నుంచి మణికట్టు దాకా. రెండోది చేతి వెనుక భాగం, అంటే అరచేతికి అవతలి వైపు. ఒంటి మీద ఇంకెక్కడ ఉన్నా ఒప్పుకోరు, తర్వాతి దశలకు పంపరు. అగ్నివీర్ అయినా, ఎన్డీఏ, సీడీఎస్ రాసి ఆఫీసర్‌గా వెళ్లాలనుకున్నా రూల్ ఇదే.

ఈ "లోపలి వైపు" దగ్గరే చాలామంది తికమక పడతారు. నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలి అరచేతులు ముందుకు తిప్పండి. ఇప్పుడు మోచేతి మడతకీ మణికట్టుకీ మధ్య ఎదురుగా కనిపించే భాగమే లోపలి వైపు. చేయి తిప్పితే కనిపించేది, వెంట్రుకలు ఎక్కువగా ఉండేది బయటి వైపు, అక్కడ వద్దు. కండ లోపలి వైపు ఉందండీ, అదీ లోపలే కదా అని అడుగుతారు కొందరు. కాదు, మోచేతి పైన ఏది ఉన్నా ఒప్పుకోరు. ముంజేతి చుట్టూ పట్టీలా తిరిగే డిజైన్లు, కడియంలా మణికట్టు చుట్టూ వేయించుకునేవి కూడా బయటి వైపుకు వెళ్లినట్టే, సగం లోపల ఉంది కదా అని వాదించి లాభం లేదు. వేళ్ల మీద, గోళ్ల దగ్గర చిన్న గుర్తులు వేయించుకోవడం ఇప్పుడు ఫ్యాషన్ అయింది కానీ, చేతి వెనుక భాగం అన్నప్పుడు వేళ్లు కూడా అందులోకి వస్తాయా రావా అని ఆర్మీ రిక్రూట్‌మెంట్ ర్యాలీ గ్రౌండ్‌లో నిలబడి చర్చ పెట్టుకునే పరిస్థితి తెచ్చుకోకండి.

అమ్మాయిలకు విడిగా రూల్ ఏమీ లేదు. చెవి వెనక చిన్న సీతాకోకచిలుక, కాలి మడమ దగ్గర పువ్వు, మెడ కింద ఎముక మీద ఒక లైను, ఇవన్నీ చూడ్డానికి బుల్లివే అయినా ఒప్పుకోని చోట్లే. మన ఊళ్లలో చిన్నప్పుడు అమ్మమ్మలు గడ్డం మీదో నుదుటి మీదో పొడిపించిన ఆకుపచ్చ చుక్క సంగతి కూడా మర్చిపోవద్దు. పుట్టుమచ్చలా అలవాటైపోయి అది పచ్చబొట్టు అన్న సంగతే గుర్తుండదు.

సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి వాటికి లెక్క వేరు

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) వేసే జీడీ, అంటే జనరల్ డ్యూటీ కానిస్టేబుల్ నోటిఫికేషన్‌తో వెళ్లే బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్, సీఐఎస్ఎఫ్, ఐటీబీపీ, ఎస్ఎస్‌బీ, అస్సాం రైఫిల్స్ హోంశాఖ కింద ఉంటాయి, ఆర్మీ కింద కాదు (అస్సాం రైఫిల్స్ ఆపరేషన్ల వరకు ఆర్మీ ఆధీనంలో ఉన్నా పాలన హోంశాఖదే). వీటి మెడికల్ గైడ్‌లైన్స్‌లో టాటూకి మూడు విషయాలు చూస్తారు, అందులో ఒకటి తేడా కొట్టినా ఇబ్బందే.

ఏం ఉండొచ్చు అంటే మతపరమైన గుర్తు లేదా రూపం, ఇంకా పేరు. మనది లౌకిక దేశం కాబట్టి ప్రజల మతభావాలను గౌరవించాలి అని రూల్‌లోనే కారణం కూడా రాసి ఉంటుంది. పుర్రె, తేలు, తుపాకీ, డ్రాగన్ లాంటివి ఆ వాక్యంలో లేవు. లేనివాటిని ఉన్నాయనుకుని రిస్క్ తీసుకోవద్దు అనేది నా అభిప్రాయం.

ఎక్కడ ఉండొచ్చు అంటే ముంజేయి లోపలి వైపే, కానీ ఎడమ చేతికి మాత్రమే. లేదంటే చేతి వెనుక భాగం. కుడి ముంజేయి ఎందుకు వద్దంటే అది సెల్యూట్ చేసే చేయి. ఆర్మీ నోటిఫికేషన్‌లో ఈ కుడి ఎడమల తేడా ఉండదు, ఇక్కడ ఉంటుంది. రెండింటికీ కలిపి ప్రిపేర్ అయ్యేవాళ్లే మన దగ్గర ఎక్కువ కాబట్టి అసలు గండం ఇక్కడే ఉంది. ఆర్మీ ఒప్పుకుంటుందని కుడి ముంజేతి మీద వేయించుకున్నవాడు జీడీ మెడికల్‌లో ఆగిపోతాడు.

ఇక సైజు. ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి. ఇంట్లో కొలుచుకోవాలంటే మోచేతి మడత నుంచి మణికట్టు గీత దాకా టేపు పెట్టండి. 24 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం, టాటూ పొడవు 6 సెంటీమీటర్లు దాటకుండా, వెడల్పు కూడా ముంజేయంతా పరుచుకోకుండా ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. విస్తీర్ణం లెక్కన చూస్తే ఇంకాస్త పెద్దది కూడా నాలుగో వంతు లోపే వస్తుందేమో కానీ, అక్కడ డాక్టర్ గ్రాఫ్ పేపర్ పెట్టి కొలవడు, కంటితో చూస్తాడు. చేతి వెనుక భాగం చిన్నది కాబట్టి అక్కడ నాలుగో వంతు అంటే నిజంగా బుల్లి గుర్తే.

గిరిజన యువతకు మినహాయింపు

గిరిజన తెగల ఆచారం ప్రకారం వేసుకున్న పచ్చబొట్లకు త్రివిధ దళాలు మినహాయింపు ఇస్తాయి. ముఖం మీద ఉన్నా, ఒంటి మీద ఎక్కడ ఉన్నా ఒక్కొక్కరి విషయం విడిగా పరిశీలిస్తారు. ఆఫీసర్ ఎంట్రీల్లో ఆ నిర్ణయం సెలక్షన్ సెంటర్ కమాండెంట్‌ది. నాగాలాండ్ కొన్యాక్‌లు, అరుణాచల్‌లోని అపతానీలు, మధ్యప్రదేశ్ బైగాలు, మన పక్కనే ఒడిశాలోని కుటియా కోంధులు, వీళ్లలో పచ్చబొట్టు సోకు కోసం వేసుకునేది కాదు. ఎవరు ఏ తెగ, ఏ వయసుకు వచ్చారు, పెళ్లయిందా లేదా లాంటివి దాంతో ముడిపడి ఉంటాయి. మన లంబాడీ తండాల్లో పెద్దవాళ్ల చేతుల మీదా ముఖాల మీదా ఉండే గుర్తులు కూడా తెలిసినవే.

అయితే మినహాయింపు ఆచారానికి, ఎస్టీ సర్టిఫికెట్‌కి కాదు. ఎస్టీ అభ్యర్థి సిటీలో పార్లర్‌కి వెళ్లి భుజం మీద సింహం వేయించుకుంటే అది తెగ ఆచారం అవదు. నిజంగా ఆచారం ప్రకారం ఉన్నదైతే కుల ధ్రువీకరణ పత్రం ఎలాగూ ఉంటుంది, దానితోపాటు ఆ గుర్తుకి మీ తెగలో ఉన్న పేరేంటి, ఎవరు వేస్తారు, ఎందుకు వేస్తారు అనేది అడిగితే రెండు ముక్కల్లో చెప్పగలిగేలా వెళ్లండి.

బొమ్మకి ఉండే అర్థం

చోటు సరిపోయింది, సైజు సరిపోయింది, అప్పుడు అర్థం దగ్గరికి వద్దాం. ప్రపంచమంతా సైనికుల టాటూలకు ఒక భాష ఉంది. పాశ్చాత్య నావికుల్లో స్వాలో అనే పిట్ట బొమ్మ 5,000 నాటికల్ మైళ్లు తిరిగినవాడి గుర్తు, తాబేలు భూమధ్యరేఖ దాటినవాడి గుర్తు. నేల మీద నిలబెట్టిన రైఫిల్, దాని మీద హెల్మెట్, కింద బూట్లు ఉంటే చనిపోయిన తోటి సైనికుడి జ్ఞాపకం. ఇవన్నీ చేసి వచ్చినవాళ్లు వేయించుకునేవి, ముందే వేయించుకునేవి కావు. ఇదే విషయం మన దగ్గర బలిదాన్ బ్యాడ్జ్‌కి వర్తిస్తుంది. రెక్కలున్న బాకు, కింద దేవనాగరిలో బలిదాన్ అని ఉండే ఆ చిహ్నం మన ఆర్మీలోని పారా స్పెషల్ ఫోర్సెస్‌ది. 2019 ప్రపంచకప్‌లో ధోనీ గ్లోవ్స్ మీద కనిపించి ఐసీసీ అభ్యంతరం పెట్టాక అందరికీ తెలిసిపోయింది, అప్పటినుంచి జిమ్‌కి వెళ్లే ప్రతి రెండోవాడికీ అది కావాలి. ఎంతో కఠినమైన ప్రొబేషన్ దాటినవాళ్లు సంపాదించుకునే గుర్తుని, ఇంకా ర్యాలీకి అప్లై కూడా చేయనివాడు చేతి మీద వేయించుకుని వెళ్తే ఎదురుగా కూర్చున్న ఆఫీసర్‌కి ఎలా అనిపిస్తుందో ఆలోచించండి. రూల్ సంగతి పక్కన పెట్టినా నాకైతే అది బాగోదు.

బ్లడ్ గ్రూప్ టాటూ ఇంకో మోజు. సైనికుడిలా ఉంటుందని కండ మీద బి పాజిటివ్ అని వేయించుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల వాఫెన్ ఎస్ఎస్ దళాలవాళ్లకు ఎడమ చంక దగ్గర చేతి లోపలి వైపు బ్లడ్ గ్రూప్ పొడిచేవాళ్లు. 1945లో ఓడిపోయాక మిత్రదేశాలవాళ్లు ఖైదీల చేతులెత్తించి ఆ గుర్తుతోనే వాళ్లను పట్టుకున్నారు. మీ మనసులో అదేమీ ఉండదు, నిజమే. కానీ దాంతో వచ్చే లాభం కూడా ఏమీ లేదు, ఎందుకంటే టాటూ చూసి ఏ ఆస్పత్రీ రక్తం ఎక్కించదు, మళ్లీ టెస్ట్ చేసే ఎక్కిస్తారు. సైనికుడి బ్లడ్ గ్రూప్ మెడలో వేసుకునే ఐడెంటిటీ డిస్క్ మీద ఎలాగూ ఉంటుంది. పైగా కండ మీద అంటే చోటు కూడా తప్పే.

స్వస్తిక్ గురించి ఒక మాట. ఇక్కడ అది మతపరమైన గుర్తు, మన గడపల మీద ఉండేదే, ఇబ్బంది లేదు. అదే గుర్తుని విదేశాల్లో నాజీ చిహ్నంగానే చూస్తారు. మర్చంట్ నేవీకో, విదేశాల్లో ఉద్యోగాలకో వెళ్లే ఉద్దేశం ఉంటే ఇది గుర్తుపెట్టుకోవాలి.

కులం పేరు, పార్టీ గుర్తు, అభిమాన హీరో ముఖం. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే, అందులోనూ హీరో ముఖం సాధారణంగా ఛాతీ మీదే ఉంటుంది. ఇక చెప్పేదేముంది.

రీల్స్‌లో అమెరికన్ మెరీన్లు మణికట్టు నుంచి భుజం దాకా టాటూలతో కనిపిస్తున్నారు కదా అంటారు. అక్కడ మెరీన్ కోర్ 2021లో చేతినిండా టాటూకి ఒప్పుకుంది, అమెరికా ఆర్మీ 2022లో చేతి మీద, మెడ వెనక చిన్న టాటూలకు అనుమతిచ్చింది. అది వాళ్ల రూల్, వాళ్ల అవసరం. దాన్ని చూపించి ఇక్కడ అడిగేందుకు లేదు.

ఇప్పటికే తప్పు చోట ఉంటే

దాచడం గురించి ముందే చెప్పేస్తాను, వద్దు. మేకప్, ఫౌండేషన్, స్కిన్ కలర్ టేప్ లాంటి ఐడియాలు కోచింగ్ సెంటర్ల దగ్గర తిరుగుతుంటాయి. మెడికల్‌లో బట్టలు విప్పించి, మంచి వెలుతురులో, దగ్గర నుంచి చూస్తారు. టాటూ ఒక్కటే ఉంటే టాటూ సమస్యే, దాచి దొరికితే అబద్ధం చెప్పిన సమస్య కూడా తోడవుతుంది.

అంతకంటే ప్రమాదకరమైనవి ఇంట్లో చేసే వైద్యాలు. యాసిడ్, సున్నం, ఇసుక కాగితంతో రుద్దడం, ఆన్‌లైన్‌లో దొరికే టాటూ రిమూవల్ క్రీములు. రంగు ఉండేది చర్మం పై పొరలో కాదు, దాని కింది పొరలో. అక్కడిదాకా యాసిడ్ వెళ్లిందంటే కాలిపోయిన మచ్చ మిగులుతుంది, కొందరికి అది ఉబ్బి కెలాయిడ్‌గా మారుతుంది. మెడికల్ బోర్డు మచ్చలను కూడా చూస్తుంది, అది దేనివల్ల వచ్చిందో అడుగుతుంది.

సరైన దారి చర్మవ్యాధి నిపుణుడి దగ్గర లేజర్. బ్యూటీ పార్లర్‌లో కాదు, డెర్మటాలజిస్ట్ దగ్గర. నలుపు, ముదురు నీలం రంగులు 1064 నానోమీటర్ల క్యూ స్విచ్డ్ ఎన్‌డీ యాగ్ లేజర్‌కి బాగా లొంగుతాయి, మన చామనఛాయ చర్మానికి కూడా అదే కాస్త సురక్షితం. ఎరుపుకి వేరే తరంగదైర్ఘ్యం కావాలి, ఆకుపచ్చ, లేత నీలం మొండివి, పసుపు ఇంకా మొండిది. తెలుపు రంగు కలిపి వేసిన టాటూ అయితే లేజర్ తగలగానే నల్లబడే అవకాశం కూడా ఉంది, అందుకే ముందు చిన్న చోట పరీక్షించి చూడమని డాక్టర్‌ని అడగండి.

ఒక్క సిట్టింగ్‌లో పోదు. సిట్టింగ్‌కీ సిట్టింగ్‌కీ మధ్య మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి, ఎందుకంటే లేజర్ రంగుని ముక్కలు మాత్రమే చేస్తుంది, వాటిని మోసుకెళ్లి బయటికి పంపాల్సింది మన ఒంట్లోని కణాలు. పార్లర్‌లో మెషీన్‌తో దట్టంగా వేసిన టాటూకి ఆరు నుంచి పది సిట్టింగులు పట్టొచ్చు, ఇంకా ఎక్కువ కూడా కావొచ్చు. లెక్కేసుకుంటే తేలిగ్గా ఏడాది దాటుతుంది. జాతరలో చేత్తో పొడిచిన పాతకాలపు పచ్చబొట్టయితే రంగు తక్కువగా ఉంటుంది కాబట్టి కొంచెం త్వరగా పోతుంది. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే అందదు అనేది ఇక్కడ అసలు పాయింట్. జీడీ కానిస్టేబుల్‌కి జనరల్ కేటగిరీ వయసు 18 నుంచి 23 వరకే, అందులో ఏడాదిన్నర లేజర్‌కే పోతే మిగిలేది ఎంత? పద్దెనిమిది నిండేలోపే నిర్ణయం తీసుకోండి, ఇంట్లో చెప్పి మొదలుపెట్టండి. సిట్టింగుల మధ్యలో ఎండలో రన్నింగ్ చేసేటప్పుడు ఆ చోటుని పూర్తిచేతుల టీషర్టుతో కప్పుకోండి, లేకపోతే చర్మం నల్లబడి, ఒక్కోసారి తెల్లమచ్చ పడి, టాటూ ఆకారం అలాగే కనిపిస్తూ ఉంటుంది.

చుక్కంత చిన్నదైతే కోసి కుట్లు వేసే పద్ధతి కూడా ఉంది, తొందరగా అయిపోతుంది కానీ గీతలాంటి మచ్చ ఖాయం. ఉన్న టాటూ మీద ఇంకో టాటూ వేసి కప్పేద్దాం అనే ఆలోచన మాత్రం మానేయండి, చోటు మారదు, రంగు రెట్టింపవుతుంది, తర్వాత లేజర్‌కి కూడా లొంగదు.

చికిత్సకి సంబంధించిన చీటీలు, బిల్లులు, మొదట్లోవీ చివరివీ ఫొటోలు ఒక ఫైల్‌లో పెట్టుకోండి. మెడికల్‌లో అన్‌ఫిట్ అంటే కేంద్ర బలగాల్లో రివ్యూ మెడికల్ ఉంటుంది, అక్కడ ఇవి పనికొస్తాయి. కోర్టుల సంగతి అడుగుతారు చాలామంది. 2022లో ఢిల్లీ హైకోర్టు, సెల్యూట్ చేసే కుడి చేతి వెనుక దేవుడి టాటూ ఉందని కేంద్ర బలగాల మెడికల్‌లో తిరస్కరించిన ఒక అభ్యర్థికి, దాన్ని తీయించుకుని మళ్లీ మెడికల్ బోర్డు ముందుకు వెళ్లే అవకాశం ఇచ్చింది. అదే కోర్టు అంతకుముందు టాటూ కారణంగా ఒక అభ్యర్థిని ఎయిర్ ఫోర్స్ తిరస్కరించడాన్ని సమర్థించింది. అంటే కోర్టుకి వెళ్తే వచ్చేస్తుంది అన్న నమ్మకం పెట్టుకోకూడదు, లాయర్ ఫీజు లేజర్ ఖర్చు కంటే ఎక్కువవుతుంది కూడా.

ఇంకా వేయించుకోనివాళ్లకి

ఆగండి. నా సలహా అంతే. ఉద్యోగం వచ్చాక, ట్రైనింగ్ అయ్యాక, యూనిట్‌లో పైవాళ్లని అడిగి, అప్పుడూ కోరిక ఉంటే రూల్ ఒప్పుకునే చోట వేయించుకోండి. సర్వీస్‌లోకి వచ్చేశాం కదా అని సెలవుల్లో ఇంటికొచ్చి మెడ మీద వేయించుకుని వెళ్లడం మాత్రం కొత్త తలనొప్పి తెచ్చుకోవడమే.

ఆగలేను, ఇప్పుడే కావాలంటే అన్ని బలగాలకూ సరిపోయే చోటు ఎడమ ముంజేయి లోపలి వైపు, నాలుగో వంతు కంటే బాగా చిన్నగా, పేరు గానీ దేవుడి గుర్తు గానీ, నల్ల రంగులో. కొత్త సూది ప్యాకెట్ మీ కళ్లముందే విప్పాలి, రంగు కూడా కొత్త చిన్న కప్పులో పోయాలి. జాతరల్లో ఒకే సూదితో వరసగా అందరికీ పొడిచేవాళ్ల దగ్గర హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ అంటుకునే ప్రమాదం ఉంది, అది మెడికల్ కంటే పెద్ద సమస్య. టాటూ వేయించుకున్నాక మన దేశంలో 12 నెలల పాటు రక్తదానం చేయనివ్వరు, అది కూడా గుర్తుంచుకోండి. గోరింటాకు, స్టిక్కర్ టాటూలు పర్మనెంట్ కావు కాబట్టి రూల్ కిందికి రావు, అయినా మెడికల్‌కి నెల ముందు నుంచి ఏదీ పెట్టుకోకుండా శుభ్రమైన చర్మంతో వెళ్లడం మేలు.

ఆఖరుగా ఫారం సంగతి. టాటూ ఉందా అని అడిగిన ప్రతి చోటా ఉన్నది ఉన్నట్టు రాయండి. ఎయిర్ ఫోర్స్ ఎంట్రీల్లో టాటూ ఫొటోలు కూడా అడుగుతారు, దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి, సైజు, ఏ రకం బొమ్మ అనే వివరాలతో. పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి తీయండి, ఫిల్టర్లు వాడకండి. ప్రతి నోటిఫికేషన్ రాగానే పీడీఎఫ్‌లో టాటూ అనే పదం వెతికి ఆ పేరా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఏమైనా మారితే అక్కడే తెలుస్తుంది. అనుమానం ఉంటే సికింద్రాబాద్, గుంటూరు, విశాఖపట్నం ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసుల్లో మీ జిల్లా దేని కిందికి వస్తే అక్కడికి వెళ్లి చేయి చూపించి అడగొచ్చు, అప్లికేషన్ పెట్టకముందే.